ఇంటి సర్వర్‌కి ఏ హార్డ్‌వేర్ కొనాలి: ఆ సలహాలు ఎక్కడ పుట్టాయి

ఫొటోలు, వీడియోలు, సినిమాలు అన్నీ ఒకేచోట పెట్టుకుని ఇంట్లో టీవీకీ ఫోన్లకీ అందించే చిన్న సర్వర్ పెట్టుకుందామనుకుంటున్నా, ఏం కొనమంటారు అని ఎవరైనా అడిగితే చాలు, పది నిమిషాల్లో పది రకాల సలహాలు వచ్చి పడతాయి. ఈసీసీ ర్యామ్ లేకుండా అసలు మొదలుపెట్టొద్దంటాడు ఒకడు. రెయిడ్ 5 జోలికి పోకు అంటాడు ఇంకొకడు. నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి ఇంట్లో అందరూ వాడుకునే నిల్వ డబ్బా) డిస్కులే తీసుకో, అందులోనూ ఎస్ఎంఆర్ వద్దు, ప్రాసెసర్ ఇంటెల్‌దే అయ్యుండాలి, ఇలా. ఎందుకు అని తిరిగి అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. వీటిలో దాదాపు ప్రతిదీ ఎప్పుడో ఎవరికో తగిలిన దెబ్బ నుంచి పుట్టిందే. దెబ్బ సంగతి జనం మర్చిపోయారు, జాగ్రత్త మాత్రం మిగిలింది. అందులో కొన్ని ఇవాళ్టికీ పనికొస్తాయి, కొన్నిటికి ఎప్పుడో కాలం చెల్లింది.

రెయిడ్ నుంచే మొదలుపెడదాం. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పేపర్ వేశారు. మెయిన్‌ఫ్రేమ్‌కి పెట్టే ఖరీదైన పెద్ద డిస్క్ ఒక్కటి కొనే బదులు పీసీల కోసం తయారయ్యే చౌక డిస్కులు బోలెడు కలిపి వాడుకోవచ్చు, కాకపోతే డిస్కులు పెరిగేకొద్దీ ఏదో ఒకటి పోయే అవకాశమూ పెరుగుతుంది కాబట్టి ఒకటి పోయినా బండి నడిచేలా కొంత అదనపు సమాచారం దాచుకోవాలి, ఇదీ అందులోని సారం. రెయిడ్‌లో ‘ఐ’ అక్షరానికి వాళ్లు రాసుకున్న మాట ‘ఇనెక్స్‌పెన్సివ్’, అంటే చౌక. తర్వాత పరిశ్రమ దాన్ని ‘ఇండిపెండెంట్’ చేసేసింది. చౌక అని పేరు పెట్టి ఎక్కువ ధరకి అమ్మడం కష్టం మరి.

రెయిడ్ 5 అంటే ఒక్క డిస్క్ పోయినా తట్టుకునే రకం. దాన్ని వద్దనే మాట 2007 నాటిది. రాబిన్ హారిస్ అనే స్టోరేజ్ విశ్లేషకుడు 2009 కల్లా రెయిడ్ 5 పనిచేయడం మానేస్తుందని రాశాడు. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో కోటి కోట్ల బిట్లు చదివితే ఒకచోట చదవలేకపోవచ్చు అని ఉంటుంది. కోటి కోట్ల బిట్లంటే సుమారు 12.5 టెరాబైట్లు. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టాక మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి కదా, అవన్నీ కలిపి 12 టెరాబైట్లు దాటితే మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోవడం ఖాయమని ఆయన వాదన. నిజానికి ఆ అంకె కంపెనీ రాసిచ్చే హామీకి కనీస హద్దు మాత్రమే, చాలా డిస్కులు అంతకంటే బాగానే చదువుతాయి, కాబట్టి జోస్యం అక్షరాలా ఫలించలేదు. కానీ ఇంకో కోణంలో అది నిజమే అయింది. 500 గిగాబైట్ల డిస్క్‌ని సెకనుకు 80 మెగాబైట్ల చొప్పున నింపితే రెండు గంటల్లోపు పని అయిపోయేది. ఇప్పుడు 16 టెరాబైట్ల డిస్క్‌ని సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున నింపినా 22 గంటలు పడుతుంది. అంతసేపూ మిగతా డిస్కులు ఊపిరి సలపకుండా పనిచేస్తుంటాయి, వాటి వయసు కూడా పోయినదాని వయసే. అప్పుడు రెండోది పోతే గోరుచుట్టు మీద రోకటిపోటే. అందుకే పెద్ద డిస్కులు నాలుగైదు దాటితే రెండు పోయినా తట్టుకునే ఏర్పాటు చేసుకోమంటారు. రెండే డిస్కులుంటే ఈ గొడవంతా లేదు, మిర్రర్ పెట్టేసి, అంటే రెండిటిలోనూ ఒకటే రాసేలా చేసి, ఊరుకోవచ్చు.

ఈ వ్యవహారం ఇళ్లలోకి వచ్చింది 2000 తర్వాతే. 2004లో లింక్‌సిస్ ఎన్ఎస్ఎల్‌యూ2 అని అరచేతిలో పట్టే డబ్బా ఒకటి వచ్చింది, 32 మెగాబైట్ల ర్యామ్, రెండు యూఎస్‌బీ పోర్టులు. జనం దాన్ని ముద్దుగా స్లగ్ అన్నారు. అందులో ప్రాసెసర్‌ని కంపెనీ సగం వేగానికి తగ్గించి పెట్టిందని తెలిసి, బోర్డు మీద ఒక రెసిస్టర్ పీకేసి 133 మెగాహెర్ట్జ్‌ని 266 చేసుకున్నారు. 2005లో ఒలివియే కొషార్-లాబే ఫ్రీనాస్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు, దాంతో పాత పీసీ ఏదైనా ఫైల్ సర్వర్ అయిపోయేది. 2007 జనవరిలో బిల్ గేట్స్ విండోస్ హోమ్ సర్వర్‌ని ప్రకటించాడు. అందులో డ్రైవ్ ఎక్స్‌టెండర్ అనే సదుపాయం నాకు ఇప్పటికీ నచ్చుతుంది: ఏ సైజు డిస్కులైనా కలగాపులగంగా పెట్టు, ఏ ఫోల్డర్‌కి రెండో కాపీ కావాలో చెప్పు, మిగతాది అది చూసుకుంటుంది. తీరా చూస్తే సర్వర్ మీది ఫైళ్లని కొన్ని ప్రోగ్రాములతో నేరుగా ఎడిట్ చేస్తే అవి చెడిపోయే బగ్ బయటపడింది, అది సరయ్యేసరికి 2008 మధ్యకొచ్చింది. 2010 నవంబర్‌లో తర్వాతి వెర్షన్ నుంచి ఆ సదుపాయాన్నే తీసేస్తున్నామన్నారు. ఒకే కంపెనీ ఫైల్ పద్ధతికి కట్టుబడొద్దు, డిస్క్‌ని పీకి ఇంకో కంప్యూటర్‌కి పెడితే చదవగలిగేలా ఉండాలి అనే మాట ఇలాంటి అనుభవాల నుంచి వచ్చిందే. ఇది మాత్రం ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు పాటించాల్సిందే.

ఇక ఈసీసీ. దీని మీద జరిగినంత వాదన మరి దేని మీదా జరగలేదేమో. కథ జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో (డిస్క్ మీద ఫైళ్లు పేర్చే పద్ధతి) మొదలవుతుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టి, 2005లో ఓపెన్‌సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో విడుదల చేశారు. ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్, అంటే సరిచూసుకునే గుర్తు అంకె, రాసుకుని, చదివినప్పుడల్లా సరిచూసుకునే ఫైల్‌సిస్టమ్ అది. పుట్టింది సర్వర్ల మీద, ఆ సర్వర్లన్నిటిలో తప్పుపడిన బిట్‌ని తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ మామూలే. 2008లో ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి, అక్కడినుంచి ఫ్రీనాస్‌లోకి, అలా ఇళ్లలోకి వచ్చేసరికి డెస్క్‌టాప్ ర్యామ్‌తో దీన్ని నడిపితే తప్పుడు బిట్ ఒక్కటి చాలు, స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడటం) చేసినప్పుడు మొత్తం డేటా నాశనమైపోతుందని ప్రచారం మొదలైంది. మరోపక్క 2009లో గూగుల్ సర్వర్ల మీద టొరంటో యూనివర్సిటీతో కలిసి చేసిన అధ్యయనంలో ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో తప్పులు కనిపించాయి, దాంతో భయానికి బలం వచ్చింది. 2014లో ఆరెన్సే స్వయంగా చెప్పాడు, మిగతా ఫైల్‌సిస్టమ్‌ల కంటే జెడ్ఎఫ్ఎస్‌కి ఈసీసీ ఎక్కువ అవసరమేమీ లేదని. డేటా మీద ప్రేమ ఉంటే దేనితోనైనా ఈసీసీ మంచిదే, అంతే. నా లెక్కలో, వాడిన సర్వర్ బోర్డు చౌకగా దొరికి ఈసీసీ దానితోనే వస్తే తీసుకో, దానికోసమే బడ్జెట్ రెట్టింపవుతుంటే ఆ డబ్బుతో ఇంకో డిస్క్ కొని బ్యాకప్ పెట్టుకో. టెరాబైట్‌కి ఒక గిగాబైట్ ర్యామ్ అనే సూత్రం కూడా అప్పటిదే. పెద్ద సినిమా ఫైళ్లు దాచుకునే ఇంటికి అంత అక్కర్లేదు, 8 గిగాబైట్లతో హాయిగా నడిచిపోతుంది, డీడూప్లికేషన్ (ఒకేలాంటి డేటాని ఒక్కసారే దాచడం) జోలికి పోనంతవరకూ.

అసలు దెబ్బలన్నీ డిస్కుల దగ్గరే తగిలాయి. వెస్టర్న్ డిజిటల్ గ్రీన్ డిస్కులని ఉండేవి, కరెంటు తక్కువ తీసుకుంటాయి, చప్పుడు చేయవు, ఇంటికి సరిగ్గా సరిపోతాయనిపించేవి. కరెంటు మిగల్చడానికి 8 సెకన్లు ఖాళీగా ఉంటే చాలు, చదివే హెడ్‌ని పక్కకి పార్క్ చేసేవి. విండోస్ డెస్క్‌టాప్‌లో అది పెద్దగా పట్టించుకోవాల్సిన విషయం కాదు. సర్వర్‌లో ఏదో ఒక లాగ్ ఊరికే రాస్తూనే ఉంటుంది కదా, ఇరవై సెకన్లకోసారి నిద్రలేపితే రోజుకి 4,320 సార్లు పార్కింగ్, 70 రోజులకే 3 లక్షలు, ఆ డిస్కులకి రాసిచ్చిన పరిమితి అదే. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో లోడ్ సైకిల్ కౌంట్ అనే లైన్ దగ్గర అంకె పరుగెడుతుంటే చూసి గుండె గుభేలుమన్నవాళ్లు ఎందరో. డాస్‌లో బూట్ చేసి ఒక చిన్న ప్రోగ్రామ్‌తో ఆ టైమర్‌ని మార్చుకునేవాళ్లు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డెస్క్‌టాప్ డిస్క్‌కి చెడ్డ సెక్టర్ తగిలితే ఎలాగైనా చదవాలని మొండిగా ప్రయత్నిస్తూ కూర్చుంటుంది, ఒక్కోసారి నిమిషం పైనే. డిస్కులని కలిపి నడిపే రెయిడ్ కంట్రోలర్‌కి అంత ఓపిక లేదు, ఉలుకూ పలుకూ లేదు కాబట్టి పోయిందనుకుని బతికున్న డిస్క్‌ని బయటికి నెట్టేస్తుంది. దీనికి విరుగుడు ఏడు సెకన్లలో చదవలేకపోతే ఒప్పుకుని తప్పుకోవడం, ఆ పద్ధతిని వెస్టర్న్ డిజిటల్ టీఎల్ఈఆర్ అంది. 2011 అక్టోబర్‌లో థాయ్‌లాండ్ వరదల్లో డిస్కుల ఫ్యాక్టరీలు మునిగి ప్రపంచమంతా ధరలు ఆకాశానికెక్కాయి. ఆ మరుసటేడు జూలైలో, ఏడు సెకన్ల పద్ధతితో, ప్రత్యేకంగా ఇంటి నాస్‌ల కోసమని వెస్టర్న్ డిజిటల్ రెడ్ వచ్చింది. నాస్ డిస్కే కొను అనే సలహా అక్కడినుంచే.

కథ అక్కడితో సుఖాంతమైతే బాగుండేది. 2020 ఏప్రిల్‌లో తేలిందేమిటంటే, అదే రెడ్ పేరుతో అమ్ముతున్న 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కుల్లో కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని, ఆ ముక్క స్పెసిఫికేషన్‌లో ఎక్కడా రాయలేదని. ఎస్ఎంఆర్ అంటే ట్రాక్‌లని ఇంటి మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి పేర్చడం. చదవడానికి ఇబ్బంది లేదు, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే మాత్రం పక్కవి కూడా కదిలించాలి. సినిమాలు ఒకసారి రాసి ఊరుకుంటే తేడా తెలీదు. డిస్క్ మార్చి జెడ్ఎఫ్ఎస్ తిరిగి నింపడం మొదలుపెడితే గంటల పని రోజుల్లోకి పోతుంది, ఒక్కోసారి మధ్యలోనే డిస్క్‌ని పక్కనపెట్టేస్తుంది. సీగేట్, తోషిబా కూడా కొన్ని మోడళ్లలో ఇదే పని చేశాయి, కాకపోతే నాస్ అని రాసి అమ్మడమే జనానికి ఎక్కువ మండింది. తర్వాత ట్రాక్‌లు ఎక్కించని మామూలు రకానికి, అంటే సీఎంఆర్‌కి, రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. కాబట్టి డబ్బా మీది రంగు చూసి కొనొద్దు, మోడల్ నంబర్ వెతికి సీఎంఆర్ అని రూఢి చేసుకుని కొనాలి.

బయట వాడే యూఎస్‌బీ డిస్కులు కొని పెంకు ఒలిచి లోపలి డిస్క్ తీసుకోవడం కూడా వరదల తర్వాత ఊపందుకున్నదే. బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ సైతం అప్పట్లో దుకాణాల చుట్టూ తిరిగి అలాగే కొనుక్కుంది. నేనూ ఒకటి ఒలిచాను. కంప్యూటర్‌లో డిస్కులకి వాడే సాటా కేబుల్ పెడితే కదల్లేదు, మెదల్లేదు, చచ్చిన డిస్క్ అంటగట్టారని తిట్టుకున్నాను. తీరా విషయం ఏమిటంటే కొత్త సాటా ప్రమాణంలో పవర్ కనెక్టర్ మూడో పిన్‌కి డిస్క్‌ని ఆపేసే పని అప్పగించారు, పాత పవర్ సప్లైలు అదే పిన్ మీద 3.3 వోల్టులు పంపిస్తూనే ఉంటాయి, అంటే ఆగు అని అరుస్తూనే ఉన్నట్టు. ఆ పిన్ మీద సన్నని టేపు ముక్క అంటించగానే జుయ్యిమంటూ తిరిగింది.

ప్రాసెసర్ సంగతికొస్తే, మొదట్లో ఫైళ్లు అందించడానికి ఏదైనా సరిపోయేది, రాస్ప్‌బెర్రీ పై కూడా. తలనొప్పి ట్రాన్స్‌కోడింగ్‌తో, అంటే వీడియోని ఇంకో రూపంలోకి మార్చడంతో, వచ్చింది. ఎక్స్‌బాక్స్ కోసం పుట్టిన ఎక్స్‌బీఎంసీ అనే మీడియా ప్లేయర్ నుంచి 2008లో ప్లెక్స్ అనే మీడియా ప్రోగ్రామ్ చీలింది, సర్వర్ వీడియోని ఫోన్‌కి తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి పంపడం అలవాటైంది. ఆ పని సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ఒక్కో 1080పీ స్ట్రీమ్‌కి పాస్‌మార్క్ అనే ప్రాసెసర్ వేగ పరీక్షలో 2,000 స్కోర్ కావాలని ప్లెక్స్ లెక్క చెప్పేది, దాంతో ఇంట్లో సినిమా చూడ్డానికి ఆఫీసు సర్వర్లు కొన్నవాళ్లున్నారు. 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌తో క్విక్ సింక్ వచ్చింది, వీడియో పనికి చిప్‌లోనే వేరే భాగం. 10 బిట్ హెచ్ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ దాకా రావడానికి ఇంటెల్ కేబీ లేక్ తరం పట్టింది, 4కే సినిమాలకి కావాల్సింది అదే. ఇంటెల్ తీసుకో అనే సలహా మూలం ఇది, అందులోనూ పేరు చివర ఎఫ్ ఉన్నవి వద్దంటారు, వాటిలో గ్రాఫిక్స్ పనిచేయదు కాబట్టి. 2023 మొదట్లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ఆరు వాట్ల చిప్ అయినా ఈ పని సునాయాసంగా చేసేస్తుంది. టీవీయే ఆ ఫార్మాట్‌ని నేరుగా ఆడగలిగితే ఇదీ అక్కర్లేదు. 4కే బ్లూ-రే గరిష్ఠ వేగం సెకనుకు 150 మెగాబిట్ల లోపే, గిగాబిట్ నెట్‌వర్క్‌కి అది లెక్కే కాదు.

రెడీమేడ్ నాస్ కొంటే ఈ తిప్పలన్నీ ఉండవంటారు. తిప్పలు వేరే ఉంటాయి. 2017లో ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్‌లలో క్లాక్ సిగ్నల్ కొంతకాలానికి చచ్చిపోయే లోపం బయటపడింది, ఆ చిప్‌తో వచ్చిన నాస్‌లు ఒకరోజు ఆపి ఆన్ చేస్తే ఇక లేవలేదు. చేయి తిరిగినవాళ్లు చిన్న రెసిస్టర్ సోల్డర్ చేసి బతికించుకున్నారు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డబ్బాలని ఇంటర్నెట్ నుంచి ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు, 2015 నుంచి వాటికి అప్‌డేట్లు లేవు. 2025లో నాస్‌లు అమ్మే సినాలజీ కంపెనీ కొత్త ప్లస్ మోడళ్లలో తాము ఆమోదించిన డిస్కులే పెట్టాలని షరతు పెట్టి, గోల లేచాక అక్టోబర్‌లో వెనక్కి తగ్గింది.

ఇప్పుడు టెన్షన్ కరెంటు మీదకి మళ్లింది. రోజంతా పది వాట్లు అదనంగా కాలితే ఏడాదికి 88 యూనిట్లు, అందుకే జనం ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు అని అడుగుతున్నారు. ఎన్100 బోర్డుల్లో సాటా పోర్టులు తక్కువ కాబట్టి చిన్న కార్డు పెట్టుకోవాలి. జేఎంబీ585 చిప్ కార్డు పెడితే ప్రాసెసర్ గాఢనిద్రలోకి వెళ్లలేకపోతోందని, ఏఎస్ఎం1166 అయితే వెళ్తోందని ప్లగ్‌కి మీటర్ తగిలించి చూసినవాళ్లు చెబుతున్నారు. ఆ రెండు నంబర్లు అప్పుడే సలహాల జాబితాలోకి ఎక్కేశాయి, ఎందుకో మాత్రం చాలామంది రాయట్లేదు.