చేపల తొట్టె అడుగున ఇసుకా, గులకరాళ్ళా?

రాజమండ్రిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: “మా చేపల తొట్టె అడుగున గోదావరి ఇసుక పోయవచ్చా, లేక దుకాణంలో అమ్మే గులకరాళ్ళే వేయాలా?” దుకాణంలో ఈ ప్రశ్నకు రంగును బట్టి, ధరను బట్టి జవాబు చెబుతారు. నన్నడిగితే, అన్నిటికన్నా ముందు చూడవలసినది రేణువుకూ రేణువుకూ మధ్య ఉండే సందు.

ఒక గ్లాసు నిండా ఆవాలు, అదే కొలత గల మరో గ్లాసు నిండా ఎండు బఠాణీలు పోసి, రెండింటిలోనూ అంచు దాకా నీళ్ళు నింపి చూడండి. బఠాణీల గ్లాసులోనే ఎక్కువ పడతాయని చాలామంది అనుకుంటారు. కాని గింజలు ఇంచుమించు గుండ్రంగా, ఒకే పరిమాణంలో ఉన్నంతవరకు రెండింటిలోనూ సుమారు ఐదింట రెండు వంతుల నీళ్ళే పడతాయి. మొత్తం ఖాళీ ఒకటే అయినా, బఠాణీల మధ్య అది కొద్దిపాటి వెడల్పు దారులుగానూ, ఆవాల మధ్య లెక్కలేనన్ని సన్నని దారులుగానూ పంచబడి ఉంటుంది. దారి సన్నబడేకొద్దీ నీటికి గోడల ఒరిపిడి పెరుగుతుంది. ఇసుక వడపోతను పరిశీలించిన అమెరికన్ ఇంజనీరు ఆలెన్ హేజెన్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం, ఇసుక గుండా నీరు నడిచే సౌలభ్యం రేణువు వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే 0.3 మిల్లీమీటర్ల ఇసుకలో కన్నా 3 మిల్లీమీటర్ల గులకలో నీరు నూరు రెట్లు సులభంగా నడుస్తుంది. వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తవ్విన వారు దీనిని కళ్ళారా చూసే ఉంటారు. గుంట తవ్వగానే నిండదు. నీరు నెమ్మదిగా ఊరుతుంది, కాని తేటగా ఊరుతుంది. ఆ నిదానానికీ ఆ తేటదనానికీ కారణం ఆ సన్నని సందులే.

చేపలు తమ నత్రజని వ్యర్థాన్ని ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా వదులుతాయి. అది పేరుకుంటే వాటికే విషం. దానిని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రేణువులను అంటిపెట్టుకొని బతుకుతాయి. ఒక లీటరు 0.3 మిల్లీమీటర్ల ఇసుకలో రేణువుల ఉపరితలమంతా కలిపితే సుమారు 12 చదరపు మీటర్లు, అంటే ఒక గది నేలంత. 3 మిల్లీమీటర్ల గులకలో అది 1.2 చదరపు మీటర్లే. ఈ లెక్క చూసి ఇసుకే మేలని తేల్చడం తొందరపాటు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మన వాతావరణంలో, 28 డిగ్రీల దగ్గర, లీటరు నీటిలో కరిగి ఉండేది 8 మిల్లీగ్రాముల లోపే. నీరు కదలని ఇసుకలో ఆ ఆక్సిజన్ వ్యాపనం ద్వారానే, అంటే అణువులు వాటంతటవే మెల్లగా చెదురుతూనే, కిందికి దిగాలి. వ్యాపనానికి పట్టే కాలం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: నిలకడ నీటిలో 1 మిల్లీమీటరుకు సుమారు 4 నిమిషాలు, 1 సెంటీమీటరుకు 7 గంటలు, 5 సెంటీమీటర్లకు వారం రోజులు. రేణువుల మధ్య వంకర దారిలో ఇంకా ఆలస్యం. పైగా దిగుతున్న ఆక్సిజన్‌ను పై పొరలోని బాక్టీరియా దారిలోనే వాడేసుకుంటాయి. కాబట్టి ఆ గదంత ఉపరితలంలో ఈ పనికి అక్కరకొచ్చేది పైపొర మాత్రమే. బడిలో నత్రజని వలయాన్ని ఆకాశం, పొలం, ఆవు బొమ్మలకు బాణాలు గీసి చెబుతాము. అదే వలయంలోని ముఖ్యమైన మలుపులు అద్దం వెనుక అంగుళం మందం ఇసుకలో జరుగుతున్నాయని చూపిస్తే పిల్లలు ఆ పాఠాన్ని మరిచిపోరు.

ఆక్సిజన్ తీరిపోయిన లోతులో కూడా జీవం ఆగదు. అక్కడి బాక్టీరియా శ్వాసకు మొదట నైట్రేట్‌ను, అది తీరాక మాంగనీస్, ఇనుప ఆక్సైడ్లను, చివరికి సల్ఫేట్‌ను వాడుకుంటాయి. నైట్రేట్ మెట్టు దగ్గర వెలువడేది నత్రజని వాయువు, దానివల్ల మనకు మేలే. సల్ఫేట్ మెట్టు దగ్గర వెలువడేది కుళ్ళిన గుడ్డు వాసన వేసే, చేపలకు విషమైన హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఇనుముతో కలిస్తే ఇసుక నల్లబడుతుంది. భీమవరం వైపు చేపల, రొయ్యల రైతులు పంటకూ పంటకూ నడుమ చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టడంలో ఒక ప్రయోజనం ఈ నల్లబురదకు గాలి తగిలించడమే. ఇంటి తొట్టెలో ఇసుక 2, 3 సెంటీమీటర్ల మందమే ఉంటే ఈ భయం దాదాపు లేదు. అరచేతి వెడల్పు మందాన పోసి, నెలల తరబడి కదపకుండా ఉంచి, ఒకనాడు హఠాత్తుగా కెలికితేనే ప్రమాదం.

గులకరాళ్ళ లోపం ఇంకొక రకం. మేత గింజ వాటి సందులోకి జారి, చేప నోటికి అందని చోట కుళ్ళుతుంది. పైకి తొట్టె శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల అమ్మోనియా పెరుగుతూ ఉంటుంది. చేప చనిపోతే ఇంటి దిష్టిని అది తీసుకుపోయిందని నమ్మేవారు నాకు చాలామంది తెలుసు. ఆ నమ్మకం వల్ల అసలు కారణాన్ని ఎవరూ వెతకరు, తరువాత తెచ్చిన చేపకూ అదే గతి పడుతుంది. ఇసుక మీదైతే మిగిలిన మేత, రెట్ట పైనే కనిపిస్తాయి. సైఫన్ గొట్టాన్ని ఒక వేలెడు ఎత్తున పట్టుకొని లాగేయవచ్చు.

చేప నోటిని కూడా గమనించాలి. గోల్డ్‌ఫిష్ అడుగున ఒక పుక్కిలి నింపుకొని, కాసేపు నమిలినట్టు చేసి, రాతిని ఉమ్మి మేతను మింగుతుంది. దాని అంగిట్లో రుచిమొగ్గలు నిండిన కండ ఒకటి ఈ ఏరివేత చేస్తుంది. ఇసుకతో ఆ పని సాఫీగా సాగుతుంది. బఠాణీ గింజంత గులక మాత్రం ఒక్కోసారి గొంతులో ఇరుక్కుంటుంది. మీసాల కోరీ చేపలు ఇసుకను నోట తీసుకొని మొప్పల నుంచి వదులుతాయి; పదునైన, మురికి పట్టిన గులక మీద వాటి మీసాలు దెబ్బతింటాయి.

తొట్టె అడుగున రంధ్రాల పలక పెట్టి, నీటిని రాళ్ళ గుండా కిందికి లాగే ఫిల్టర్ మీకుంటే గులకరాళ్ళే వేయాలి, ఎందుకంటే ఇసుక ఆ దారిని మూసేస్తుంది. పలక లేని తొట్టెలో నా ఎంపిక ఇసుకే. కాబట్టి అమ్మాయీ, నీ తొట్టెలో ఆ పలక లేకపోతే గోదావరి ఇసుక వేసుకోవచ్చు. ముందుగా జల్లించి, బకెట్‌లో నీళ్ళు తేటపడేదాకా మళ్ళీ మళ్ళీ కడుగు. గుప్పెడు పొడి ఇసుక మీద నిమ్మరసం పిండి చూడు. బుసబుసమని నురగ వస్తే అందులో గుల్లలో సున్నపురాయో ఉన్నట్టు. అది నీటి కాఠిన్యాన్ని పెంచుతుంది కనుక ఆ ఇసుకను వాడకు. తొట్టెలో పోశాక కొన్ని వారాలు ఆగి, అద్దానికి ఆనుకున్న అంచును పక్కనుంచి చూడు. ఎక్కడైనా నల్లని మచ్చ కనిపిస్తే, అక్కడ ఇసుక మందం ఎక్కువైందని అర్థం. పైనుంచి కొంచెం కొంచెంగా తీసి పలుచన చెయ్యి.