నది పాత దారి ఏ షీట్‌లో ఉంది?

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ కరకట్ట తెగింది. నది తూర్పుకి మళ్లి, వరద తమదాకా రాదనుకున్న బీహార్ ఊళ్ల మీద పడింది. అది కొత్త దారేమీ కాదు. సుమారు రెండు వందల ఏళ్లలో వంద కిలోమీటర్లకు పైగా పడమరకి జరుగుతూ వచ్చిన కోసీ, తాను వదిలేసిన పాత పాయల్లోకే మళ్లీ దిగింది. ఆ పాయలు పాత మ్యాపుల్లో ఉన్నాయి.

ఇలాంటి మ్యాపుల కథ బెంగాల్‌లో మొదలైంది. 1767లో సర్వేయర్ జనరల్ అయిన జేమ్స్ రెన్నెల్ నదుల వెంటే తిరిగి కొలతలు తీయించి 1779లో అట్లాస్ వేశాడు. అందులో తీస్తా దక్షిణంగా గంగ వైపు పోతుంది, బ్రహ్మపుత్ర మైమెన్‌సింగ్ పక్కనుంచి పారుతుంది. 1787 వరదలో తీస్తా తూర్పుకి తిరిగి బ్రహ్మపుత్రలో కలిసింది, తర్వాత కొన్ని దశాబ్దాల్లో బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం కూడా పడమరకి, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో జమున అని పిలిచే పాయలోకి (మన యమున కాదు) మళ్లింది. ముందు ఎలా ఉండేదో ఇంత వివరంగా తెలుస్తోందంటే ఆ అట్లాస్ వల్లే.

ఎత్తులు చూపించే కాంటూరు గీతలతో, రంగుల్లో, అంగుళానికి మైలు చొప్పున దేశపు అధికారిక మ్యాపులు వేసే సర్వే ఆఫ్ ఇండియా షీట్లు, అంటే ఒక్కో ప్రాంతానికి ఒక్కో మ్యాపు, రావడం 1905 తర్వాతి మాట. వీటిని చదవడం తెలియాలి. నీళ్లు నీలం, ఎండిన ఏరు నల్ల గీతలు, ఇసుక మేట చుక్కలు, గట్టు పక్కన అంకె తర్వాత చిన్న ‘ఆర్’ అక్షరం ఉంటే చుట్టూ ఉన్న నేలకన్నా అది అంత ఎత్తని అర్థం. సర్వే ఎక్కువగా చలికాలంలో జరిగేది, కాబట్టి సన్నటి నీలం గీత ఆ నెలల నీరు మాత్రమే. నది అసలు వెడల్పు ఒడ్డు నుంచి ఒడ్డుకి. నీలం గీతని చూసి నది ఇంతే అనుకుని, మిగతా ఇసుకని ఖాళీ స్థలంగా లెక్కేయడం చాలా ప్రమాదం.

ఈ షీట్లు జనానికి దొరకడమే కష్టంగా ఉండేది. 2005 విధానంలో రక్షణకి వేరే, ప్రజలకి వేరే సిరీస్ చేశారు. 2017లో ప్రజల సిరీస్ ఉచిత డౌన్‌లోడ్‌కి వచ్చింది, 2021 ఫిబ్రవరిలో నిబంధనలు బాగా సడలాయి. అయినా మన నదుల 1950ల నాటి అమెరికా సైన్యపు షీట్ల స్కాన్లు టెక్సస్ యూనివర్సిటీ సైట్‌లో తేలిగ్గా దొరుకుతాయి, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పాత షీట్లు దొరికినవాళ్లు రెండు విషయాలు చూసుకోండి. అంచున సర్వే చేసిన ఏడాది, అచ్చేసిన ఏడాది వేరుగా ఉంటాయి. నదికి సర్వే ఏడాదే ముఖ్యం. పాత షీట్లు ఎవరెస్ట్ కొలమానం (భూమి ఆకారానికి అప్పట్లో వాడిన లెక్క) మీద గీసినవి, నేరుగా శాటిలైట్ చిత్రం మీద పెడితే పక్కకి జరుగుతాయి, అందుకే కదలని పాత గుడినో రైలు వంతెననో పట్టుకుని సరిచేశాకే నది ఎంత జరిగిందో కొలవాలి.