సీఎస్ఎస్ ముట్టుకుంటే సైటు పోతుందా? అపోహలు - వాస్తవాలు

"కోడ్ పెట్టమంటున్నారండీ, పెడితే సైటు పోదు కదా?" వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. వాళ్ళు భయపడేది సీఎస్ఎస్‌కి, అంటే సైటు రంగులూ సైజులూ ఎలా ఉండాలో చెప్పే కోడ్‌కి. మొన్న అడిగినావిడది పచ్చళ్ళ వ్యాపారం. సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో సైటు తనే కట్టుకున్నారు. హోమ్ పేజీలో పెద్ద అక్షరాలతో "స్వచ్ఛమైన గోంగూర పచ్చడి" అని పెట్టుకుంటే, కింద వత్తులన్నీ కత్తెర పెట్టి కోసినట్టు సగమే కనిపిస్తున్నాయి. థీమ్ (సైటు రూపానికి రెడీమేడ్ డిజైన్) మార్చాల్సిందే, ఎనిమిది వేలవుతుందని ఎవరో చెప్పారట. పాపం, ఆ టెన్షన్‌తో ఫోన్ చేశారు.

ఆ థీమ్ ఇంగ్లిష్ శీర్షికల కోసం చేసింది. లైన్ హైట్, అంటే వరుసకిచ్చే ఎత్తు, అక్షరాల సైజుకి 1.1 రెట్లే ఉంది, పైగా శీర్షిక ఉన్న డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి వచ్చింది దాచెయ్యమని) పెట్టారు. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. మన అక్షరాలకి కింద వత్తులున్నాయి, వాటికి చోటు కావాలి. శీర్షిక క్లాస్ పేరు (ఆ భాగానికి కోడ్‌లో పెట్టిన పేరు) రాసి, ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి, లైన్ హైట్ 1.6 అని పెట్టి, సెమీకోలన్ కొట్టి, బ్రాకెట్ మూశాం. అంతే. ఎనిమిది వేల పని అయిపోయింది.

అపోహ: కోడ్‌లో ఒక్క తప్పు చేస్తే సైటు మొత్తం పోతుంది.

సీఎస్ఎస్ గోడకి వేసే సున్నం లాంటిది. రంగు బాగా రాకపోతే ఇల్లు కూలదు. మీ పోస్టులు, ఫోటోలు, ఆర్డర్లు వేరే చోట ఉంటాయి, సీఎస్ఎస్ వాటి జోలికి వెళ్ళలేదు. అర్థం కాని లైను కనిపిస్తే బ్రౌజర్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. 1996లో వచ్చిన మొదటి సీఎస్ఎస్ ప్రమాణం నుంచీ ఇదే పద్ధతి. సెమీకోలన్ మరిచిపోతే ఆ లైనూ, దాని కింది లైనూ పనిచేయవు. ఫ్లవర్ బ్రాకెట్ మూయకపోతే దాని తర్వాతవన్నీ గందరగోళం అవుతాయి. మీరు రాసింది తీసేస్తే పాత రూపం తిరిగొస్తుంది.

నా అనుభవమే చెప్తాను. కొత్తలో ఒక క్లయింట్ సైటులో మొబైల్ కోసం మీడియా క్వెరీ (ఫలానా సైజు స్క్రీన్‌కి మాత్రమే పనిచేసే స్టైల్స్ భాగం) రాసి, చివరి బ్రాకెట్ మూయడం మరిచిపోయాను. ఫోన్లో చూసుకుంటే అంతా చక్కగా ఉంది, హాయిగా పడుకున్నాను. పొద్దున్నే ఆయన ఫోన్: కంప్యూటర్లో సైటు బట్టలు విప్పేసినట్టుందని! కింద ఉన్న స్టైల్స్ అన్నీ మొబైల్ భాగం లోపలికి వెళ్ళిపోయాయి మరి. ఒక్క బ్రాకెట్ పెట్టగానే సర్దుకుంది. చెమటలు పట్టిన మాట నిజమే, పోయింది మాత్రం ఏమీ లేదు.

ఎక్కడ రాయాలన్నది మాత్రం ముఖ్యం. థీమ్ ఫైళ్ళు తెరిచి అందులో రాయకండి, అప్‌డేట్ రాగానే కొట్టుకుపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్ నుంచి దీనికోసమే 'అడిషనల్ సీఎస్ఎస్' అని గడి ఉంది. స్క్వేర్‌స్పేస్‌లో 'కస్టమ్ సీఎస్ఎస్' అంటారు. భయమైతే ముందు కంప్యూటర్లో ఎఫ్12 నొక్కి, ఇన్‌స్పెక్ట్‌లో మార్చి చూడండి. అక్కడ మార్చింది మీకు మాత్రమే కనిపిస్తుంది, రిఫ్రెష్ కొడితే పోతుంది. నచ్చితే గడిలో పెట్టండి. పాతది నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి.

భయపడాల్సింది ఎవరో ఇచ్చిన జావాస్క్రిప్ట్ (పేజీలో పనులు చేయించే ప్రోగ్రామింగ్ కోడ్) ముక్కకి. మీ కస్టమర్ ఫారంలో టైప్ చేసేది కూడా అది చదవగలదు. జనం దీన్ని నిశ్చింతగా పేస్ట్ చేసేసి, లైన్ హైట్‌కి వణుకుతారు!

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"డిస్‌ప్లే నన్ (పేజీలో చూపించొద్దని చెప్పే సీఎస్ఎస్ లైను) పెడితే ఎవరికీ కనిపించదు." పేజీ సోర్స్ తెరిస్తే కనిపిస్తుంది. హోల్‌సేల్ రేట్లు అలా దాచేవాళ్ళున్నారు, దయచేసి వద్దు.

"లైను చివర ఇంపార్టెంట్ (మిగతా స్టైల్స్ కన్నా ఇదే నెగ్గాలని చెప్పే మాట) పెడితే ఏదైనా పనిచేస్తుంది." ఒకసారి పనిచేస్తుంది. రేపు దాన్ని ఓడించడానికి ఇంకో ఇంపార్టెంట్ రాయాలి. క్లాస్ పేరు సరిగ్గా పట్టుకోవడం నేర్చుకోండి.

"వాట్సాప్‌లో వచ్చిన కోడ్ పనిచేయలేదు, కాబట్టి కోడ్ తప్పు." కొటేషన్ గుర్తులు చూడండి. చేతులు మారేటప్పుడు నిటారు గుర్తులు వంకర గుర్తులైపోతుంటాయి. వాటిని మీరే మళ్ళీ టైప్ చేయండి.

"లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) పెంచితే శీర్షిక రిచ్‌గా ఉంటుంది." ఇంగ్లిష్‌కి సరే. తెలుగు పదం మాత్రం పళ్ళు ఊడిన దువ్వెనలా తయారవుతుంది.

"బటన్ రంగుకి కూడా ప్లగిన్ (సైటుకి అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్) కావాలి." అక్కర్లేదు.

"సేవ్ చేసినా మారలేదు, పాడైంది." పచ్చళ్ళ ఆవిడ కూడా రాత్రి పదకొండింటికి ఇదే మెసేజ్ పెట్టారు. బ్రౌజర్ పాత కాపీ చూపిస్తోంది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కమన్నాను, వత్తులు వచ్చేశాయి. ఆ ఊపులో మర్నాడు ఆవిడే ఆర్డర్ బటన్ రంగు మార్చేసి స్క్రీన్‌షాట్ పంపారు. ఎర్ర బటన్ మీద గోంగూర ఆకు రంగు అక్షరాలు. కాంట్రాస్ట్, అంటే అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలని ఈ ఆదివారం ఫోన్ చేసి చెప్పాలి.