అపోహలు - వాస్తవాలు: మొదటి రోజు మొదట వచ్చినవాడు స్టేజ్ రేసు ఎందుకు ఓడిపోతాడు?

"మాస్టారూ, మా అబ్బాయికి అన్యాయం జరిగింది."

గత శీతాకాలంలో ఒక తల్లి ఫోను చేసి ఈ మాటతోనే మొదలుపెట్టారు. అది మూడు రోజుల స్టేజ్ రేసు, అంటే రోజుకో దశ చొప్పున సాగే సైకిల్ పోటీ. మొదటి రోజు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లి రావడంలో వాళ్లబ్బాయే అందరికంటే ముందున్నాడు. కప్పు మాత్రం మూడు రోజుల్లో ఒక్క రోజూ మొదట రాని మరో కుర్రవాడికి దక్కింది. నిర్వాహకులు డబ్బు తిన్నారని ఎవరో అప్పుడే వాట్సాప్‌లో రాసేశారు, పదిమంది దాన్ని ముందుకు పంపించారు. పద్నాలుగేళ్లుగా విశాఖలో సైక్లింగ్ నేర్పుతున్నాను. ఇలాంటి ఫోను ప్రతి ఏడాదీ ఎవరో ఒకరి నుంచి వస్తూనే ఉంది.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కొడుక్కి ఉప్మా చేసి పెట్టి, వాడు తిరిగి వచ్చేదాకా వీధి వైపు చూస్తూ కూర్చునే మనిషి ఆవిడ. నా కోపమంతా ఫలితాల పట్టిక చివరిదాకా చదవకుండా పుకారు పుట్టించేవాళ్ల మీద.

అపోహ: ఎక్కువ దశలు గెలిచినవాడే విజేత.

వాస్తవం: స్టేజ్ రేసులో లెక్కకు వచ్చేది మొత్తం సమయం. అన్ని రోజుల సమయాలూ కూడితే ఎవరిది తక్కువో వాడే విజేత. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో జరిగే వోల్టా ఎ కాటలున్యానే చూడండి. 2022లో ఆ పోటీ గెలిచిన కొలంబియా రైడర్ సెర్జియో ఇగీతా ఏడు దశల్లో ఒక్కటీ గెలవలేదు. ఆరో రోజున గమ్యానికి వంద కిలోమీటర్లకు పైగా ఉండగానే ఈక్వెడార్ రైడర్ రిచర్డ్ కారాపాస్‌తో కలిసి గుంపును వదిలి ముందుకు వెళ్లాడు. ఆ దశ కారాపాస్‌కు దక్కింది. వోల్టా మాత్రం 16 సెకన్ల తేడాతో ఇగీతాది. మరుసటి ఏడాది స్లొవేనియా రైడర్ ప్రిమోజ్ రోగ్లిచ్, బెల్జియం రైడర్ రెమ్కో ఎవెనెపోల్ చెరి రెండు దశలు గెలిచారు. చివరి రోజు బార్సిలోనాలో గీత ముందు దాటినవాడు ఎవెనెపోల్, 6 సెకన్లతో పోటీ గెలిచినవాడు రోగ్లిచ్. అంతెందుకు, 1990లో అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ ఒక్క దశ కూడా గెలవకుండానే, స్టేజ్ రేసులన్నిటిలో పేరుమోసిన టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. వీళ్లందరికీ డబ్బు తీసుకునే కప్పు ఇచ్చారా?

ఇక్కడ ఇంకో మూడు మెలికలున్నాయి. గుంపుగా గీత దాటితే గుంపులో అందరికీ ఒకే సమయం రాస్తారు. ముందున్నవాడికీ వెనుకున్నవాడికీ మధ్య నలభై మీటర్లు కనిపించినా, కాగితం మీద తేడా సున్నా. చాలా పోటీల్లో దశలో మొదట వచ్చిన ముగ్గురికి మొత్తం సమయం నుంచి 10, 6, 4 సెకన్లు తగ్గిస్తారు. సమతల దశలో సాధారణంగా చివరి మూడు కిలోమీటర్లలో ఎవరైనా పడిపోయినా, టైరు పంక్చరైనా, అప్పటిదాకా ఏ గుంపులో ఉన్నారో ఆ గుంపు సమయమే ఇస్తారు. కొండ మీద ముగిసే దశకు ఈ వెసులుబాటు లేదు. సగం గొడవలు ఈ సంగతి తెలియకే వస్తాయి.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కాగితం మీద లెక్క వేశాను. మొదటి రోజు అబ్బాయి 40 సెకన్లు సంపాదించాడు. రెండో రోజు ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు 9 నిమిషాలు పోగొట్టుకున్నాడు. మూడో రోజు అందరూ ఒకే గుంపులో వచ్చారు. ఓటమి 8 నిమిషాల 20 సెకన్లతో. ఆవిడ కాగితం తీసుకుని రెండుసార్లు కూడారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఈ అపోహ వల్ల పోయేది కప్పు ఒక్కటే అయితే ఇంత రాయను. రోజూ మొదట రావాలనుకున్న పిల్లవాడు మొదటి రోజే కాళ్లలో ఉన్నదంతా ఖర్చుపెట్టేస్తాడు. రెండో రోజు ఎండలో, ఉక్కలో, ఘాట్ మలుపుల్లో వణుకుతూ దిగిపోతాడు. మోకాళ్ల నొప్పితో నెలల తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్లను చూశాను. "నాకు అంత సత్తువ లేదు సార్" అని సైకిలు అమ్మేసినవాళ్లనూ చూశాను. సత్తువ ఉంది. దాన్ని మూడు రోజులకు పంచుకోవాలని ఎవరూ చెప్పలేదు. మనవాళ్ల ఆరంభశూరత్వం గురించి పెద్దలు అన్న మాట నాకు ఈ ఘాట్ దగ్గరే ఎక్కువగా గుర్తొస్తుంది.

తిండి గురించి. తొక్కుతూ తినడం, తాగడం బలహీనుల లక్షణమని ఇప్పటికీ కొందరు సీనియర్లు చెబుతున్నారు. తప్పు, ప్రమాదకరం కూడా. పెద్ద పోటీల్లో రైడర్లు గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం, కొందరు అంతకంటే ఎక్కువే, లోపలికి పంపిస్తారు. కొత్తవాళ్లు గంటకో అరటిపండు, రెండు ఖర్జూరాలతో మొదలుపెట్టి నెమ్మదిగా అలవాటు చేసుకోవచ్చు. మన తీరంలో చెమట ఆరదు, కాబట్టి నీళ్లలో కాస్త ఉప్పు వేసుకోండి. ఆకలి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

"టూర్ డి ఫ్రాన్స్ తప్ప మిగతావన్నీ నిన్న మొన్నటి చిన్న పోటీలు" అన్నది మరో అపోహ. వోల్టా 1911 జనవరి 6న మొదలైంది. ఎల్ ముండో డెపోర్టివో పత్రిక అండతో మూడు దశలు: బార్సిలోనా నుంచి తరగోనా, అక్కడి నుంచి లేయిదా, తిరిగి బార్సిలోనా. గెలిచినవాడు సెబాస్టియా మస్దేవు. స్పెయిన్ దేశమంతా చుట్టే వుయెల్టా మొదలైంది 1935లో, అంటే ప్రాంతీయ పోటీయే 24 ఏళ్లు పెద్దది. వోల్టాను ఏడుసార్లు గెలిచిన మరియానో కన్యార్దో రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆయన 1936లో గెలిచాడు. స్పెయిన్ అంతర్యుద్ధం వల్ల రెండేళ్లు పోటీ జరగలేదు. 1939లో మళ్లీ ఆయనే గెలిచాడు. ఈ మాట చెప్పినప్పుడల్లా నా గొంతు మారుతుంది. ఆ రెండేళ్లూ ఆ మనిషి ఏ రోడ్ల మీద తొక్కాడో, అసలు తొక్కాడో లేదో అని ఆలోచిస్తుంటాను.

ఖరీదైన సైకిలు ఉంటేనే గెలుస్తారా? టూర్ డి ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే డిరేయిలర్లను అనుమతించిందే 1937లో. అంతకుముందు ఆ కొండలన్నీ మనుషులు ఎక్కలేదా? అప్పు చేసి కార్బన్ సైకిలు కొనకండి. మీ ఎత్తుకు సరిపోయే ఫ్రేము, మంచి టైర్లు, పనిచేసే బ్రేకులు చాలు.

ఇక చివరి అపోహ, తన జట్టు నాయకుడి ముందు తొక్కుతూ అతనికి ఎదురుగాలి తగలకుండా కాచేవాడు ఓడిపోయినవాడని. వెనుక నక్కి వచ్చేవాడికి ఎదురుగాలి తాకిడి బాగా తగ్గుతుంది, ఆ సత్తువే కొండ మీద పనికొస్తుంది. గాలి కాచేవాడు తన పని ముగించి పక్కకు తప్పుకుంటే పట్టికలో అతని పేరు కిందికి పోతుంది. అయినా జట్టులో అందరికీ తెలుసు ఆ గెలుపు ఎవరిదో.

గత నెల సాధనలో ఆ అబ్బాయే ఘాట్ మొదలయ్యేదాకా తోటి కుర్రవాడికి గాలి కాచాడు, పైకి అందరికంటే చివర చేరాడు. ఇంటికి వెళ్లి ఏమని చెబుతాడోనని ఆ సాయంత్రం నేనే వాళ్లమ్మగారికి ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అడిగారు: "మాస్టారూ, వీడు ముందుండటం వల్ల ఆ రెండో అబ్బాయికి ఎన్ని సెకన్లు కలిసొచ్చాయి?"