జెల్ ఊడిపోతే తప్పు సీసాదేనా? గోళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో నేను గోళ్ల పని చేస్తాను. వచ్చేవాళ్లలో సగానికి పైగా మన తెలుగువాళ్లే. కుర్చీలో కూర్చోగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, మీరు ఏ బ్రాండు వాడతారు?" నేను ముందు చెయ్యి పట్టుకుని గోళ్లు చూస్తాను. ఒకే సీసాలో జెల్, అంటే ల్యాంప్ కాంతిలో గట్టిపడే గోళ్ల రంగు, ఒకరికి మూడు వారాలు చెక్కుచెదరదు, వాళ్లతో వచ్చిన చెల్లెలికి అయిదో రోజే అంచు లేస్తుంది. మరి తేడా సీసాలో ఎలా ఉంటుంది?

అపోహ: ముందు గోరువెచ్చని నీళ్లలో చేతులు నానబెడితే జెల్ బాగా పట్టుకుంటుంది.

నేను పని నేర్చుకున్న పార్లర్‌లో ఇలాగే చేసేవాళ్లం. గిన్నెలో గులాబీ రేకులు కూడా వేసేవాళ్లం. చూడటానికి బాగుండేది, జెల్ మాత్రం వారానికే ఊడేది. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది కదా, గోరూ అంతే. నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ సర్దుకుంటుంది. ఉబ్బిన గోరు మీద జెల్ గట్టిపడితే, తర్వాత గోరు ముడుచుకున్నా జెల్ దానితో పాటు ముడుచుకోదు. ఆ లాగులాటలో అంచు వదులవుతుంది. అందుకే ఇప్పుడు నా దగ్గర నీళ్ల గిన్నే లేదు. తలంటు పోసుకుని నేరుగా వచ్చేవాళ్లని కాసేపు కూర్చోమంటాను. తలకి కొబ్బరినూనె మర్దనా చేసుకుని వచ్చేవాళ్లయితే ఇంకా కష్టం.

"మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్లక్కా, వాటివల్లే ఊడుతోంది" అంటారు కొందరు. కావేరి నీళ్లయినా బోరు నీళ్లయినా, రోజుకి పదిసార్లు తడిసి ఆరడమే గోరుకి అసలు ఇబ్బంది. అంట్లు తోమేటప్పుడు రబ్బరు గ్లవుజులు వేసుకుంటే చాలా తేడా కనిపిస్తుంది.

అపోహ: నా గోళ్లు పుట్టుకతోనే జిడ్డువి.

గోటికి నూనె గ్రంథులు లేవు. జిడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి, మనం ముట్టుకున్న వాటి నుంచి వస్తుంది. నా అనుభవంలో అసలు దొంగ వేరే: గోరు మొదట్లో కంటికి కనపడనంత పలుచగా అంటుకుని ఉండే చచ్చిన చర్మం. దాన్ని తీయకుండా జెల్ వేస్తే, జెల్ అతుక్కునేది చర్మానికి, గోటికి కాదు. నా పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పోతుంది. క్యూటికల్ (గోరు మొదట్లో ఉండే చర్మపు అంచు) వెనక్కి నెట్టి, ఆ పొర తీసి, పైమెరుపు పోయేంతవరకే మెత్తగా అరగదీసే బఫర్ ఆడించి, దుమ్ము దులిపి, తడినీ జిడ్డునీ తీసేసే డీహైడ్రేటర్ ద్రవంతో తుడుస్తాను. ఆ తర్వాత గోరుని వేలితో తాకకూడదు. జెల్ చర్మం మీదికి పాకకుండా వెంట్రుకవాసి దూరం వదలాలి, గోరు కొన అంచుకి కూడా ఒక గీత పూయాలి.

అపోహ: పలుచని గోళ్లకి గట్టి జెల్ వేస్తే సరిపోతుంది.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. నొక్కితే వంగే మెత్తని గోరు మీద అసలు వంగని జెల్ వేస్తే గోరు ఒకవైపు, జెల్ ఒకవైపు. అలాంటివాళ్లకి అడుగు పూతగా సాగే గుణం ఉన్న రబ్బర్ బేస్ జెల్ వేస్తాను. పొడిగా, పెళుసుగా విరిగే గోళ్లయితే పొట్టిగా ఉంచి, రోజూ రాత్రి క్యూటికల్ నూనె రాసుకోమంటాను. జెల్ వేశాక నూనె మంచిదే, వేసే ముందే వద్దు. వెడల్పుగా, చదునుగా ఉన్న గోళ్లకి నడుమ భాగంలో కొంచెం మందంగా కట్టాలి, లేకపోతే దెబ్బ అక్కడే తగులుతుంది. ఇక గోళ్లు కొరికే అలవాటున్నవాళ్లకి నిజం చెప్పేస్తాను: వేలి కొన గోరు కంటే ముందుకొచ్చి ఉంటే మూడు వారాలు ఆశపడొద్దు. గోటి కొనలతో కీబోర్డు టకటకలాడించే సాఫ్ట్‌వేర్ అమ్మాయిలకీ ఇదే మాట.

అపోహ: ల్యాంప్‌లో ఎక్కువసేపు పెడితే ఎక్కువ రోజులుంటుంది.

జెల్‌లోని రసాయనం ఒక నిర్ణీత కాంతికే స్పందించి గట్టిపడుతుంది. జెల్‌కీ ల్యాంప్‌కీ పొత్తు కుదరకపోతే ఎంతసేపు పెట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. పూత మందమైనా అంతే. ఒకసారి నేను హడావిడిలో మందంగా వేస్తే, ఒకావిడ "అమ్మో" అని చెయ్యి లాగేసుకుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, పలుచని గోళ్లకి అది చురుక్కుమంటుంది. తప్పు నాదే. పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు. జెల్‌లో ఉండే హెమా (HEMA) అనే పదార్థం దీనికి పేరుమోసింది. వేళ్ల చుట్టూ దురద, పొక్కులు వస్తే "అలవాటైపోతుందిలే" అని ఓర్చుకోకుండా చర్మ వైద్యుల్ని కలవాలి. జెల్ గట్టిపడటానికి తోడ్పడే టీపీఓ (TPO) అనే మరో పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కిట్ కొనేముందు సీసా వెనకాల పదార్థాల పేర్లు చదవండి.

అపోహ: మధ్యలో గోళ్లకి ఊపిరాడనివ్వాలి.

గోరు ఊపిరి పీల్చదు. దానికి కావలసినవన్నీ లోపలి రక్తం నుంచే వస్తాయి. పొరలు లేస్తున్నా పలుచబడినా విరామం ఇవ్వాలి, ఊపిరి కోసం కాదు.

అపోహ: పసుపు మరక పడితే జెల్ పాడైనట్టే.

లేత రంగుల మీద సాంబారు, పసుపు మరక పడటం మామూలే. కాసేపు ఎండలో ఉంటే పసుపు రంగు చాలావరకు వెలిసిపోతుంది. మన అమ్మమ్మలు పసుపు మరకల చీరని ఎండలో ఆరేసేవారు, అదే కిటుకు.

అపోహ: అంచు లేచింది కదా, లాగేస్తే పోతుంది.

పోతుంది, గోటి పై పొరల్ని కూడా తీసుకుని పోతుంది. అలాగని లేచిన అంచుని వదిలేయడమూ మంచిది కాదు. సందులో తడి చేరితే బ్యాక్టీరియా పెరిగి గోటికి ఆకుపచ్చ మచ్చ రావచ్చు. పై మెరుపు ఫైల్‌తో గీకి, అసిటోన్‌లో ముంచిన దూది పెట్టి, ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు ఆగితే మెత్తబడి దానంతటదే వస్తుంది.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. మీటింగ్‌లో టెన్షన్‌గా ఉండి పది వేళ్లదీ పీకేసిందట. గోళ్ల నిండా తెల్ల మచ్చలు, కాగితంలా పలుచన. "ఈసారి మంచి బ్రాండు వెయ్యండక్కా" అంది. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొదలు నుంచి కొనదాకా కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ రోజు ఆమెకి జెల్ వేయలేదు, గోళ్లు పొట్టిగా కత్తిరించి నూనె సీసా ఇచ్చి పంపాను.