వెళ్లే దారి వేశారు, వచ్చే దారి వదిలేశారు: వర్చువల్ మెషీన్లలో ఐపీవీ6 నేపథ్యం

తిరుపతిలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల కంప్యూటర్ ల్యాబులో వర్చువల్ మెషీన్లకు ఐపీవీ6 పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలా అక్కర్లేదా అన్న వాదన ప్రాజెక్టుల మూల్యాంకనం వేళ మళ్లీ రాజుకుంది. ఒక కంప్యూటరు (హోస్టు) లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మరో కంప్యూటరే వర్చువల్ మెషీన్, అంటే గెస్టు; హోస్టుకు వచ్చిన కనెక్షన్‌ను గెస్టుకు చేరవేయడమే పోర్ట్ ఫార్వర్డింగ్; ఐపీవీ6 పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి. వర్చువల్ మెషీన్‌లో నడుస్తున్న సర్వరును హోస్టు మీది నోడ్ 18 (జావాస్క్రిప్ట్‌ను నడిపే సాధనం) ప్రోగ్రాము తన కంప్యూటరునే సూచించే 'లోకల్‌హోస్ట్' పేరుతో పిలిస్తే, ::1:8080 (అదే కంప్యూటరు ఐపీవీ6 చిరునామా, పోర్టు) దగ్గర కనెక్షన్ తిరస్కరణకు గురైందన్న సందేశం వస్తోంది. అదే పేరును బ్రౌజరులో కొడితే పేజీ తెరుచుకుంటోంది. బ్రౌజరు రెండు రకాల చిరునామాలనూ ప్రయత్నిస్తుంది. 2021 అక్టోబరులో వచ్చిన నోడ్ 17 నుంచి మాత్రం ఐపీవీ4కు ముందు వరుస ఇవ్వడం మానేశారు. పేరు బదులు ఐపీవీ4 చిరునామా 127.0.0.1 అని రాసుకోండి, లేదా రెండు రకాలనూ ప్రయత్నించే నోడ్ 20కి మారండి, అంతటితో సరిపోతుందన్నది ల్యాబు నిర్వాహకుల మాట. నెట్‌వర్కింగ్ చెప్పే అధ్యాపకులు, విద్యార్థులు దీనికి ఒప్పుకోవడం లేదు.

ఐపీవీ6కు కారణమైన ఐపీవీ4 చిరునామాల కరువు సంగతి అందరికీ తెలిసిందే కనుక దాన్ని ఇక్కడ తిరగదోడనవసరం లేదు. ఈ తగవుకు మూలం 2016 మే నెలలో వెలువడిన, వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేరు క్యూఎమ్యూ 2.6లో ఉంది. అడ్మిన్ హక్కులు లేని వినియోగదారుడికి నెట్‌వర్కు అందించే స్లర్ప్ అనే భాగానికి ఐపీవీ6 చేరింది అప్పుడే. డయల్-అప్ రోజుల్లో, 1995లో డానీ గాస్పరోవ్‌స్కీ రాసిన ప్రోగ్రాము నుంచి వచ్చిన భాగమది. 2.6తో గెస్టు నుంచి బయటికి వెళ్లే దారి పడింది కానీ, బయటి నుంచి గెస్టులోకి వచ్చే ఫార్వర్డింగ్‌ను ఐపీవీ4కే వదిలేశారు. ఐపీవీ6 వచ్చేసిందన్న భావన మాత్రం స్థిరపడిపోయింది.

ఈ లోటు ఎవరి కంటా పడకపోవడానికి ఒక సాంకేతిక కారణముంది. స్లర్ప్ గెస్టుకు ఇచ్చే ఐపీవీ6 చిరునామా ఒక సంస్థ లోపలే చెల్లే సైట్-లోకల్ వర్గానికి చెందినది. ఆ వర్గాన్ని 2004లోనే ప్రమాణాల నుంచి తప్పించారు. చిరునామాల ఎంపికకు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పాటించే పట్టికలో దానికి అట్టడుగు స్థానం. రెండు దారులూ ఉన్నచోట గెస్టు ఐపీవీ4నే ఎంచుకునేది కాబట్టి, ఐపీవీ6 నిజంగా ఎంతవరకు పనిచేస్తోందో పరీక్షించే అవసరమే చాలామందికి రాలేదు.

ఫార్వర్డింగ్ దగ్గరకు వస్తే చిక్కులు మరింత లోతైనవి. ఫార్వర్డింగ్ నియమాన్ని నమోదు చేసే ఫంక్షను నాలుగు బైట్ల చిరునామానే స్వీకరించేది. ఐపీవీ6కు పదహారు బైట్లు కావాలి. 'టీసీపీ:127.0.0.1:8080-:80' అన్న నియమంలో భాగాలను విడదీసేది కోలన్ గుర్తు. ఐపీవీ6 చిరునామాలోనే కోలన్లు ఉంటాయి గనుక, చదరపు బ్రాకెట్లు లేకుండా చిరునామా ఎక్కడ ముగిసిందో తెలియదు. పైగా ఐపీవీ4లో గెస్టు చిరునామా ఖాళీగా వదిలితే 10.0.2.15 అని అనుకోవచ్చు; ఐపీవీ6లో గెస్టు తన చిరునామాను తానే కూర్చుకుంటుంది, కాబట్టి అలా అనుకోవడానికి వీల్లేదు.

2019లో స్లర్ప్ లిబ్‌స్లర్ప్ పేరుతో వేరు పడింది. 2021 మే నెలలో వచ్చిన దాని 4.5 వెర్షన్‌లో ఐపీవీ6 ఫార్వర్డింగ్ చేరింది. అయితే ఆ సౌకర్యాన్ని వాడుకునే కమాండు క్యూఎమ్యూలో ఉండాలి. అందుకోసం అదే ఏడాది పంపిన ప్యాచులను (కోడ్ మార్పులను) పలుమార్లు సవరించినా ఆ ఏటి విడుదలల్లో వాటికి చోటు దక్కలేదు. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క మార్పుతో తీరవలసిన పని, వేరు కాపురం తర్వాత రెండు చోట్ల ఆమోదం పొందవలసి వచ్చింది.

నిర్వాహకులు సూచిస్తున్న మరో ఉపాయం, కనెక్షన్లను ఒక చోటి నుంచి మరో చోటికి మళ్లించే సోక్యాట్ ప్రోగ్రాముతో ఐపీవీ6 పోర్టును 127.0.0.1కి కలపడం. పని జరుగుతుంది, నిజమే. కానీ స్లర్ప్ లూప్‌బ్యాక్ (హోస్టు తనకు తానే పంపుకునే దారి) నుంచి వచ్చిన ప్రతి కనెక్షన్‌నూ గెస్టుకు హోస్టును సూచించే 10.0.2.2 నుంచి వచ్చినట్టుగానే చూపుతుంది. మూల్యాంకనం రోజున పక్క కంప్యూటర్ల నుంచి ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో చెప్పవలసిన లాగ్‌లో అన్ని వరుసలకూ ఒకే చిరునామా పడుతుంది. మార్కులు ఆధారపడే చోట ఇది చిన్న లోపం కాదు. గెస్టును నేరుగా నెట్‌వర్కుకు కలిపే బ్రిడ్జ్ పెట్టుకోవాలంటే విద్యార్థులకు లేని అడ్మిన్ హక్కులు కావాలి.

బలహీనమైన పాస్‌వర్డుతో ఉన్న గెస్టు ఐపీవీ6 ద్వారా బయటి ప్రపంచానికి తెరుచుకుంటుందన్న నిర్వాహకుల భయం సహేతుకమైనదే. అయితే దాన్ని ఆపవలసింది క్యాంపస్ ఫైర్‌వాల్. పైగా ఏ చిరునామా మీద వినాలో ప్రతి నియమంలోనూ పరిమితం చేసుకోవచ్చు. ల్యాబులోని ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04లో ఉన్నది లిబ్‌స్లర్ప్ 4.1 కనుక అక్కడ ఏ మార్పూ సాధ్యం కాదు. 24.04కి మారి, స్లర్ప్ స్థానంలో అడ్మిన్ హక్కులు అడగకుండానే రెండు రకాల చిరునామాలనూ ఫార్వర్డ్ చేసే పాస్ట్ అనే ప్రోగ్రామును వాడాలని అధ్యాపకులు కోరుతున్నారు. 20.04కు ఉచిత భద్రతా నవీకరణల గడువు 2025లోనే ముగిసింది కాబట్టి, ఐపీవీ6 మాట ఎలా ఉన్నా ఆ కంప్యూటర్లలో కొత్త వెర్షన్ వేయక తప్పదు.