థైరాయిడ్ ఆపరేషన్: నరానికి కాపలా కాసే యంత్రం ఎంత భద్రం?

విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ అనగానే ఇంటివాళ్లు అడిగే మాట ఒకటే: "గొంతు పోదు కదండీ?" యంత్రం సంగతి చెవిన పడ్డవాళ్లు "నరాన్ని కనిపెట్టే మిషన్ ఉందా?" అని కూడా అడుగుతారు.

ఆ భయం చాలా పాతది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు, అరుస్తున్న పంది మెడలో స్వరపేటిక నరాలను కోస్తే అరుపు ఆగిపోయింది, పెనుగులాట మాత్రం ఆగలేదు. ఈ నరాల దారి కూడా వింతే. ఛాతీ వైపు దిగి, ఎడమవైపుది బృహద్ధమని కింద మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కి థైరాయిడ్ వెనుకగా స్వరపేటికను చేరుతుంది. ఒక నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. రెండూ దెబ్బతింటే ఊపిరే అందదు, గొంతు దగ్గర రంధ్రం చేయాల్సి రావచ్చు.

స్విట్జర్లాండ్ సర్జన్ కోహెర్ ఈ ఆపరేషన్‌లో మరణాలను 1 శాతం లోపుకు తెచ్చి 1909లో నోబెల్ అందుకున్నాడు. ప్రాణభయం తగ్గాక గొంతు మీదికి దృష్టి మళ్లింది. నరానికి దూరంగా ఉండటమే క్షేమమని చాలామంది నమ్మే రోజుల్లో, దాన్ని వెతికి కళ్లారా చూసి కాపాడాలని 1938లో అమెరికా సర్జన్ లేహీ వాదించాడు. నేటికీ మూలసూత్రం అదే.

1960ల చివర్లో నరానికి స్వల్ప విద్యుత్తు ఇచ్చి స్వరపేటిక కండరం స్పందనను నమోదు చేసే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇప్పుడు శ్వాసనాళంలో వేసే ట్యూబుకే ఆ స్పందనను పట్టే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. సర్జన్ స్వల్ప విద్యుత్తు ఇచ్చే పుల్లతో నరాన్ని తాకగానే యంత్రం కూస్తుంది. ట్యూబు కాస్త జరిగినా, మత్తు డాక్టరు ఇచ్చిన కండరాలు సడలించే మందు ప్రభావం తగ్గకపోయినా నరం బాగుండగానే కూత ఆగిపోతుంది. అంటే ఇది సర్జన్ ఒక్కరి పని కాదు, మత్తు డాక్టరూ సరిసమానంగా బాధ్యులే.

యంత్రం పూర్తిగా నిరపాయకరమూ కాదు. స్వరపేటికకూ గుండెకూ కొమ్మలు పంపే వేగస్ అనే పెద్ద నరాన్ని నిరంతరం ప్రేరేపించే పద్ధతిలో రక్తపోటు, గుండె వేగం పడిపోయాయని 2015లో ఒక అమెరికా బృందం హెచ్చరించింది. జర్మన్ సర్జన్లు అది సురక్షితమేనన్నారు. మెడ్‌ట్రానిక్ అనే కంపెనీ తయారుచేసిన ఒక రకం ట్యూబు, దాని బెలూన్ శ్వాసమార్గాన్ని మూసేసే ప్రమాదం వల్ల, 2022లో అమెరికాలో అత్యంత తీవ్రమైన శ్రేణి రీకాల్‌కు గురైంది.

ఇంతకీ ఈ యంత్రం గొంతులు కాపాడిందా? కంటితో నరాన్ని గుర్తించడం కంటే ఇది మేలని చెప్పడానికి నిర్ణయాత్మక ఆధారం లేదని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019 సమీక్ష తేల్చింది. నా దృష్టిలో దీని అసలు విలువ వేరే చోట ఉంది. థైరాయిడ్‌ను రెండు వైపులా తీసేటప్పుడు మొదటి వైపు సిగ్నల్ (యంత్రం కూత) పోయి, ట్యూబూ మందూ సరిచూసినా తిరిగి రాకపోతే, రెండో వైపు ముట్టుకోకుండా ఆపి ఆ నరం కోలుకున్నాక మళ్లీ చేయవచ్చని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు నరాలూ ఒకేసారి పోయే ముప్పు తప్పేది అలాగే. కాబట్టి "మిషన్ ఉందా?" అని కాదు, "సిగ్నల్ పోతే ఆపుతారా?" అని అడగాలి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా స్వరతంత్రులను స్కోపుతో చూస్తారా అన్నదీ అడగాలి. మాట మామూలుగానే వినిపిస్తున్నా ఒకవైపు తంత్రి కదలకుండా ఉండవచ్చు.